కలిసిపోయిన సీసాలు

పోయిన మంగళవారం పొద్దున్న నేను స్కూలుకి బయలుదేరుతుంటే నాగమణి గారు ఫోను చేశారు. "ఏవండీ, మన డాక్టరు గారు పోయారంటండీ. తెల్లారగట్టంట. నిద్దట్లోనే పోయారంట," అన్నారు. నాగమణి గారు ఉంగుటూరు దగ్గర ఊడ్పుల ముఠాకి మేస్త్రి. వరినాట్లు వేసే ఆడవాళ్ళని పొలాలకి తీసుకెళ్ళేదీ, రైతులతో బేరం మాట్లాడేదీ ఆవిడే. వెనకాల ఎవరో నారుకట్ట అందించమని కేకేస్తున్నారు. అంటే చేలో నిలబడే ఫోను చేశారన్నమాట. "మీకెవరు చెప్పారండీ?" అని అడిగాను, అదేదో పెద్ద ముఖ్యమైన సంగతైనట్టు.

ఆయన పేరు ఇక్కడ రాయను. మాకు ఆయన డాక్టరు గారు, అంతే. తాడేపల్లిగూడెంలో ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలలో చాలాకాలం పనిచేశారు. నేను ఆయన దగ్గర రెండు విడతలు ఉద్యోగం చేశాను. మొదటి విడతలో ఆయనకి నేను చేసిన అన్యాయం సంగతి మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. చెబుతానంటే ఆయన పడనివ్వలేదు. ఇప్పుడు ఆపే మనిషి లేరు కాబట్టి చెబుతున్నాను.

ఆయన దగ్గరికి వెళ్ళినవాళ్ళలో సగం మంది విసుక్కుంటూ బయటికొచ్చేవారు. తెలియనిది తెలియదని మొహానే చెప్పేసేవారు మరి. "ఇది నా చేతిలో లేదండీ. ఆలస్యం చెయ్యకుండా ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళండి," అని చీటీ రాసిచ్చేవారు. షుగరు ఉండి కాలికి పుండు పడ్డవాళ్ళనైతే కుర్చీలో సర్దుకుని కూర్చోనిచ్చేవారు కూడా కాదు, ముందు ఆటో పిలిపించేవారు. మా మామగారికి గూడెం బజారులో పచారీ కొట్టు ఉండేది, మూలికలు కూడా అమ్మేవారు. ఆయన ఒకసారి ఉండబట్టలేక అడిగేశారు. "ఏవండీ డాక్టరు గారూ, కాళ్ళ దగ్గరికొచ్చిన బేరాన్ని మీరే పొమ్మంటే ఎలాగండీ?"

"బేరమైతే పొమ్మననండీ. రోగం కదా," అన్నారు డాక్టరు గారు, కరక్కాయలు ఏరుకుంటూ.

ఆయన బల్ల సొరుగులో ఒక నోటుబుక్కు ఉండేది. అట్ట మీద 'తగ్గనివాళ్ళు' అని రాసుకున్నారు. మందు తీసుకుని మళ్ళీ కనబడనివాళ్ళ పేర్లన్నీ అందులో ఎక్కేవి. ఆదివారం పూట స్కూటరేసుకుని వాళ్ళ ఊళ్ళకి వెళ్ళేవారు. "తగ్గినవాళ్ళు వాళ్ళే వచ్చి చెబుతారమ్మా, అరటిపళ్ళు కూడా తెస్తారు. తగ్గనివాళ్ళు ఇంకో డాక్టరు దగ్గరికి పోతారు. వాళ్ళని మనమే వెతుక్కోవాలి," అనేవారు. నేను ఆ పుస్తకం మొదటిసారి చూసినప్పుడు ఈయనకి కొంచెం పిచ్చేమో అనుకున్నాను. పిచ్చేం కాదు గానీ, ఇంట్లో వాళ్ళకి మాత్రం ఆదివారాలు మిగిలేవి కావు.

ఇక తైలం సంగతి. వాళ్ళ నాన్నగారు నల్లజర్ల వైపు పల్లెలో వైద్యం చేసేవారట. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్ళు పొద్దుగూకేదాకా బురదనీళ్ళలో ఉంటారు. కొల్లేరు వైపు చేపల చెరువుల్లో దిగే మగవాళ్ళదీ అదే పరిస్థితి. కాలివేళ్ళ సందులు నాని, చితికి, పుండ్లు పడతాయి. ఉప్పు తగిలితే ప్రాణం పోయినంత మంట. ఆ పుండ్లకి గోరింటాకూ, పసుపూ, ఇంకో రెండు ఆకులూ నువ్వులనూనెలో కాచి వాళ్ళ నాన్నగారు ఉచితంగా ఇచ్చేవారు. డాక్టరు గారికి ఆ తైలమంటే ప్రాణం. చిన్నప్పుడు ఆ పొయ్యి ముందు కూర్చుని గరిటె తిప్పిన చెయ్యి ఆయనది.

అంత నమ్మకం ఉన్న మనిషి పంచిపెట్టుకుంటూ పోవచ్చు కదా. పోలేదు. ఇలాంటి వైద్యాల మీద పరిశోధనకి ప్రభుత్వం డబ్బిస్తుందని తెలిసి దరఖాస్తు పెట్టారు. అది ఎన్నిసార్లు తిరిగొచ్చిందో ఆయనకే తెలియాలి. చివరికి మంజూరైంది. మొదటి ఏడాది పని సవ్యంగా సాగితే ఇంకో రెండేళ్ళకి ఇస్తామన్నారు. బీయస్సీ చదివి, పెళ్ళై, కొట్లో పొట్లాలు కడుతున్న నన్ను చూసి, "పొలంగట్ల మీద నడవగలవా అమ్మా?" అని అడిగారు. నా ఇంటర్వ్యూ అంతే.

ఏలూరులో జరిగిన ఒక మీటింగులో ఇంగ్లీషు వైద్యం చదివిన పెద్ద డాక్టరొకాయన లేచి, "ఆసుపత్రుల్లో మంచాలు చాలక జనం కింద పడుకుంటుంటే, ఈ ఆకులకీ నూనెలకీ ప్రజల డబ్బు ఎందుకండీ?" అని నిలదీశారు. నాకు ఒళ్ళు మండింది. డాక్టరు గారు మాత్రం తలూపారు. "న్యాయమైన ప్రశ్నేనండీ. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు. వస్తుందని కొందరూ, రాదని కొందరూ పోట్లాడుకుంటాం గానీ చూసినవాళ్ళు లేరు. జనం ఎలాగూ వాడుతున్నారు. పనిచెయ్యకపోతే ఆ సంగతైనా వాళ్ళకి తెలియాలి కదండీ. అది చెప్పడానికి తైలం అమ్ముకునేవాడు డబ్బు పెట్టడు. ప్రభుత్వమే పెట్టాలి," అన్నారు. ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. కాఫీ మాత్రం ఇద్దరూ కలిసే తాగారు.

పని పద్ధతి ఇదీ. సీసాలన్నీ ఒకేలా ఉంటాయి, మీద నంబర్లుంటాయి. సగం సీసాల్లో అసలు తైలం, సగంలో రంగు కలిపిన ఉత్త నువ్వులనూనె. ఏ నంబరులో ఏది ఉందో మాకూ తెలియదు, వాడేవాళ్ళకీ తెలియదు. సీసాలు నింపి నంబర్లు వేసింది ఏలూరు కాలేజీలో స్టాటిస్టిక్సు చెప్పే లెక్చరరు గారు; ఆ జాబితా కవర్లో పెట్టి సీలు వేసి తన బీరువాలోనే దాచారు. అందరూ రోజూ పని కాగానే కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకుని, ఎవరి సీసాలోది వాళ్ళు రాసుకోవాలి. ఊడ్పులు అయ్యాక కవరు విప్పి ఎవరికి తగ్గిందో చూసుకోవాలి.

డాక్టరు గారు గట్టు మీద గొంతుక్కూర్చుని, భుజం మీద తువ్వాలుతో ఒక్కొక్కళ్ళ పాదం తుడిచి, వేళ్ళు విడదీసి చూసేవారు. మొదటిరోజు నాగమణి గారు కాలు వెనక్కి లాగేసుకున్నారు. "అయ్యబాబోయ్, మీరు మా కాళ్ళు పట్టుకోవడం ఏంటండీ! మాకు పాపం చుట్టుకుంటుంది."

"కాలు చూడకుండా కాలి పుండు చూడ్డం నాకు చేతకాదండీ. ఇటు పెట్టండి," అన్నారాయన.

ఆ రోజే ముఠా అందర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు. మీలో సగం మందికి ఉత్త నూనే వస్తుంది, ఎవరికో నాకూ తెలియదు, ఇష్టం లేకపోతే మానెయ్యండి అని. అంత విప్పి చెప్పడం అవసరమా అని నాకనిపించింది. చెప్పకుండా చెయ్యడం మోసం అన్నారు. అందరూ ఆలోచించుకుని, "ఆయ్, అలాగేనండీ," అన్నారు. సీసాలు పంచాను.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం చెప్పకుండా వెళ్ళాను. అందరూ గట్టున కూర్చుని అన్నాలు తింటున్నారు. నాగమణి గారి పక్కన రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా ఉంది, దాన్నిండా ఆకుపచ్చ నూనె.

"ఇదేంటండీ?"

"నూనేనండీ. అందరివీ కలిపేసుకున్నాం."

"ఎందుకండీ!"

"మరి సగం మందికే అసలు మందన్నారు కదండీ. ఎవరికొచ్చిందో తెలీదన్నారు. ఒకళ్ళకి మందూ ఒకళ్ళకి ఉత్తిదీ అంటే ఎలాగండీ? ఎకరం ఊడిస్తే కూలి సమానంగా పంచుకుంటాం. ఒకామె వెనకబడినా తగ్గించం. నూనెకాడ తేడా చేస్తామాండీ? ఇలా కలిపేస్తే అందరికీ కాస్తకాస్త అసలు మందు అందుతుంది కదా!" అని నవ్వారావిడ. ఎంత తెలివైన పని చేశామో చూశారా అన్నట్టుంది ఆ నవ్వు.

నిజానికి తెలివైన పనే. మా పరిశోధన కొంప మునిగిందన్న మాటే గానీ, ఆవిడ న్యాయంలో లోపం నాకు ఇవాళ్టికీ కనబడదు.

నా తప్పు అక్కణ్ణించి మొదలైంది. ఆ సాయంత్రమే డాక్టరు గారితో చెప్పాలి. చెప్పలేదు. చెబితే పని ఆగిపోతుంది, నా ఉద్యోగం పోతుంది. అప్పుడే చేతిలో నా సంపాదన అంటూ మొదటిసారి ఆడుతోంది. అత్తగారు కూడా నన్ను కాస్త కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. ఒక్క ముఠాయే కదా, మిగతావాళ్ళు సరిగ్గానే వాడుతుంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ప్రతివారం పరిశోధన రికార్డు పుస్తకంలో, వాళ్ళ నంబర్ల ఎదురుగా, 'తగ్గుతోంది', 'తగ్గింది' అని నా చేత్తోనే రాశాను. డాక్టరు గారు ఆ పేజీలు చూసి చిన్నపిల్లాడిలా సంబరపడిపోయేవారు. "నాన్నగారి చెయ్యి అమ్మా, నాన్నగారి చెయ్యి!" అనేవారు. నేను తలొంచుకుని తర్వాతి పేజీ తిప్పేదాన్ని.

కవరు విప్పడానికి ఏలూరు బయలుదేరాం. గూడెంలో పాసింజరు ఎక్కాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, లెక్చరరు గారికి మిఠాయి కూడా కొన్నారు. చేబ్రోలు దాటాక ఇక నావల్ల కాలేదు. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. భీమడోలు వచ్చేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎన్నాళ్ళైంది?" అన్నారు చివరికి.

"రెండు నెలలండీ."

"ఇంకెన్ని ముఠాలు?"

"తెలీదండీ."

"అయితే ముందు అది తెలుసుకోవాలి," అని భీమడోల్లో దిగిపోయారు. నేనూ దిగాను. ఆ ఎండలో వచ్చిన దారినే బస్సులో వెనక్కి వచ్చాం. ఆ వారమంతా ముఠా ముఠాకీ తిరిగి అడిగాం. నాగమణి గారి ఉపాయం ఆ చుట్టుపక్కలంతా పాకిపోయిందండీ. ఒకటీ అరా తప్ప అన్ని ముఠాలూ కలిపేసుకున్నాయి. ఎవరికి వాళ్ళు విడిగా వాడింది చేపల చెరువుల దగ్గర ఒంటరిగా ఉండే కొద్దిమందే. వాళ్ళతో ఏదీ తేలదు.

వైద్యశాలలో తోటి ఉద్యోగి ఒకాయన తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పాడు. "ఉన్న కాగితాలు ఉన్నట్టు పంపెయ్యండి. పాదాలన్నీ నయమయ్యాయి కదా. పైవాళ్ళు పొలంగట్టు మీదకొచ్చి చూస్తారా ఏంటి?" నిజమే, ఎవరూ చూడరు. పంపితే తర్వాతి రెండేళ్ళ డబ్బు వస్తుంది. వాళ్ళ నాన్నగారి తైలానికి పేరొస్తుంది. నా ఉద్యోగం ఉంటుంది. ఆ వారం రోజులూ ఆయన ఏం రాస్తారోనని నేను ఎన్ని దేవుళ్ళకి మొక్కుకున్నానో, ఏమని మొక్కుకున్నానో కూడా చెబుతాను. పంపెయ్యాలనే మొక్కుకున్నాను.

ఆయన రాసింది టైపు చేసింది నేనే. సీసాలు కలిసిపోయాయి, కాబట్టి ఈ తైలం పనిచేస్తుందో లేదో ఈ పరిశోధన వల్ల తేలలేదు అని రాశారు. కారణం అన్నచోట, కూలీలు దేన్నైనా సమానంగా పంచుకుంటారన్న సంగతి పరిశోధకుడు ముందుగా తెలుసుకోలేదు, ఇది పూర్తిగా అతని పొరపాటు అని రాశారు. నా పేరు ఎక్కడా లేదు.

"నేను దాచిన సంగతి రాయరాండీ? తిలాపాపం తలా పిడికెడు కదండీ," అన్నాను.

"నువ్వు మొదటిరోజే చెప్పినా సీసాలు అప్పటికే కలిసిపోయాయి కదమ్మా. పద్ధతి గీసింది నేను. టైపు చెయ్యి," అన్నారు.

డబ్బు ఆగిపోయింది, నా ఉద్యోగమూ పోయింది. నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది? తప్పు నాదై ఉండి కోపం ఆయన మీద! ఏడాది పాటు ఆ వీధిలోకే వెళ్ళలేదు. ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. తర్వాత ఒకసారి మా మామగారే చెప్పారు. తణుకు నుంచి ఒక వ్యాపారస్థుడు లేబులు కూడా అచ్చువేయించుకుని డాక్టరు గారి దగ్గరికొచ్చాడట. దానిమీద 'ప్రభుత్వ పరిశోధన జరిగిన తైలం' అని ఉంది. డాక్టరు గారు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "బాగుందండీ. ఏం తేలిందో రాయడం మర్చిపోయినట్టున్నారు," అని తిరిగిచ్చేశారట. మామగారు పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మర్నాడు వెళ్ళి ఆయన్ని చూసొచ్చాను.

ఆయన మళ్ళీ దరఖాస్తు పెట్టారు, మళ్ళీ మళ్ళీ పెట్టారు. ఒకసారి కమిటీలో, "మొదటిసారి పాడుచేశారు కదా, మళ్ళీ మీకే ఎందుకివ్వాలి?" అని అడిగారట. "ఎలా పాడవుతుందో నాకే తెలుసు కాబట్టండీ," అన్నారట ఈయన. ఈసారి పద్ధతి మార్చారు. మనిషి మనిషికీ వేరుగా ఉండదు. ముఠా ముఠాకీ చీటీ వేస్తారు. ఒక ముఠాకంతా ఒకటే నూనె, ఎంత కలుపుకున్నా అదే. "ఇది నేను చదువుకుని కనిపెట్టింది కాదమ్మా, నాగమణి గారు చెప్పింది," అనేవారు. నాలుగేళ్ళకి ఆ డబ్బు వచ్చింది. వచ్చిన వారంలో మా ఇంటికొచ్చి, "ఊడ్పుల రోజులకి సెలవు పెట్టుకుని వస్తావా?" అని అడిగారు.

"నన్నెలా నమ్ముతారండీ?" అన్నాను.

"నువ్వు ఒకసారి దాచి చూశావు కదా. మళ్ళీ దాచలేవు. కొత్తవాళ్ళ సంగతి నాకు తెలీదు," అన్నారు. ఆ మాటకి నేను ఆ రోజంతా ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లోనే ఉన్నాను.

ఈసారి సీసాలు కలుపుకున్నారు, పక్క ముఠాతో మాత్రం కలపలేదు. నేను రోజు విడిచి రోజు వెళ్ళి చూశాను. ఊడ్పులు అయ్యాయి, ఏలూరు వెళ్ళాం, కవరు విప్పారు. లెక్చరరు గారు లెక్కలన్నీ వేసి కాగితం ఆయన ముందుకి జరిపారు. అసలు తైలం రాసుకున్న ముఠాలకీ, ఉత్త నువ్వులనూనె రాసుకున్న ముఠాలకీ తేడా లేదు. అందరికీ ఒకేలా తగ్గింది.

డాక్టరు గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా నాన్నగారుంటే చెవి మెలిపెట్టేవారు," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. తిరుగు రైల్లో జామకాయలు కొన్నారు. నాకొకటి ఇచ్చి, తనది చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. దిగేటప్పుడు కూడా అది అలాగే ఉంది.

గూడెంలో చాలామంది వేళాకోళం చేశారు. గవర్నమెంటు డబ్బుతో కొండను తవ్వి ఎలుకను పట్టాడన్నారు. మా కొట్లోనే ఎవరో మొహమ్మీద అనేస్తే, "ఎలుక అని తెలిసింది కదండీ. ఇన్నాళ్ళూ మా ఇంట్లో అందరం పులి అనుకున్నాం," అన్నారాయన.

ఆ కాగితాన్ని పైకి పంపి ఊరుకోవచ్చు. ఆయన మళ్ళీ ప్రతి ముఠా దగ్గరికీ వెళ్ళి చెప్పారు. నాగమణి గారు అసలు ఒప్పుకోలేదు. "మీ నూనె మంచిదండీ. ఆ కాయితం మాకెందుకండీ?"

"మీ డబ్బుతో, మీ కాళ్ళ మీద చూసిందేనండీ ఇది. మీది మీకు చెప్పకపోతే ఎలాగ? ఆకుల కోసం తిరగొద్దు. ఎవరన్నా ఈ తైలం అమ్మితే కొనొద్దు. ఇంట్లో ఉన్న నూనె ఏదైనా చాలు. తగ్గడం నూనె వల్లో, కాళ్ళు కడుక్కుని వేళ్ళ సందులు పొడిగా తుడుచుకోవడం వల్లో ఇంకా తేలలేదు. కానీ తుడుచుకోవడానికి పైసా ఖర్చు లేదు కదా, అది మాత్రం మానకండి," అన్నారు. తండ్రి తైలం గురించి అలా చెబుతున్నప్పుడు ఆయన తువ్వాలు అంచుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నారు. నాగమణి గారు ఆ తువ్వాలుకేసి చూసి, "సరేనండీ, మీరు చెప్పారు కాబట్టి," అన్నారు. తర్వాత ఆయన రిటైరయ్యారు. ఆ తైలం మళ్ళీ కాచలేదు.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని ముందు గదిలో పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి రెండు ఆటోల్లో నాగమణి గారి ముఠా దిగింది. చేలోంచి తిన్నగా వచ్చేశారు, మోకాళ్ళ దాకా బురద. లోపలికి రాకుండా వీధి చివర మున్సిపాలిటీ కుళాయి దగ్గర ఆగిపోయారు. డాక్టరు గారి అమ్మాయి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో గుమ్మంలోకొచ్చి, "వాళ్ళెందుకండీ అక్కడే ఉండిపోయారు? రమ్మనండి," అంది.

"వస్తారమ్మా, ఒక్క నిమిషం," అన్నాను.

కుళాయి కింద అందరూ కాళ్ళు కడుక్కున్నారు. ప్రహరీ నీడలో వరసగా కూర్చున్నారు. చీర చెంగులు తీసుకుని, ఒక్కో కాలు ఒళ్ళోకి లాక్కుని, వేలు వేలునీ విడదీసి, సందులన్నీ తుడుచుకోవడం మొదలుపెట్టారు. అందరిదీ అయ్యేదాకా ఒక్కళ్ళూ లేవలేదు.